గురువమ్మ ఇంట్లో దెయ్యం లేదు

ఆ ఆదివారం పొద్దున్న శరత్ బాబు వేసుకున్న పథకంలో పెద్ద కష్టమేమీ లేదు. ఐదున్నరకు లేవాలి. ఇస్త్రీ చేయించిన తెల్ల చొక్కా వేసుకోవాలి. చెప్పులు చేత్తో పట్టుకుని మేడ మెట్లు దిగి, కింద వసారాలో ఇడ్లీలు వేస్తున్న ఇంటి ఓనరు గురువమ్మ కంట పడకుండా వీధిలోకి జారుకోవాలి. రాయగడ బస్టాండులో ఆరున్నర కోరాపుట్ బస్సు ఎక్కాలి. పదకొండు గంటలకు అక్కడి తెలుగు సంఘం వారు ఆయనకు శాలువా కప్పుతారు. సాయంత్రానికి తిరిగి వచ్చేయాలి.

గురువమ్మ కంట పడకూడదనుకోవడానికి కారణం ఆయన సంచీలో ఉంది. సంఘం వారి వార్షిక సంచికలో ఆయన కథ అచ్చయింది. దాని పేరు 'ఐదూ నలభై'. అది దెయ్యం కథ. ఆ దెయ్యం ఉన్న ఇల్లు గురువమ్మది.

శరత్ బాబు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. భయానక కథల పాఠం వచ్చినప్పుడల్లా ఆయన బోర్డు మీద ఒక వాక్యం రాసేవాడు: "దెయ్యాన్ని నమ్మించాలంటే ముందు గోడను నమ్మించాలి." పాడుబడ్డ కోటలు, గబ్బిలాలు, ఉరుములు పనికిరావని, మీటరు బాక్సునూ గ్యాసు సిలిండరునూ చెంబుకు పడిన సొట్టనూ ఉన్నదున్నట్టు రాస్తే దెయ్యం తనంతట తానే వచ్చి కూర్చుంటుందని ఆయన సిద్ధాంతం. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవారు. అది పరీక్షలో రాదని తెలిశాక కొట్టేసేవారు. ఆయన రాసిన కథలను మాత్రం పత్రికలన్నీ మర్యాదగా తిప్పి పంపాయి. ఈసారి వేరే గోడ దొరక్క, తొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న ఇంటి గోడనే రాశాడు.

ఏదీ వదల్లేదు. ఆకుపచ్చ రంగు వేసిన మూడు మెట్లు, వాటిలో రెండో మెట్టుకున్న పగులు, వసారాలో ఇడ్లీ పాత్ర, పక్క సందులో గోడకు ఆనించిన వెదురు నిచ్చెన. ఆ నిచ్చెన గురువమ్మ భర్త లక్ష్మణుడిది. ఆయన మునిసిపాలిటీలో వీధి దీపాల పని చేసేవాడు. పన్నెండేళ్ల కిందట నడిమి గదిలో నిద్రలోనే పోయాడు. ఇంటి ఎదుటి స్తంభం మీది దీపం మిగతా దీపాల కన్నా పావుగంట ముందే, ఐదూ నలభైకల్లా ఆరిపోతుంది. ఎక్కడో ఏదో లోపం. శరత్ బాబు కథలో అది లోపం కాదు. చనిపోయిన మనిషి రోజూ తెల్లవారుజామున నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి, ఆ దీపం ఆర్పి వెళుతుంటాడు. పేరు మాత్రం లక్ష్మణుడు తీసేసి రాముడని పెట్టాడు. దాంతో ఇక ఎవరూ పోల్చుకోలేరని ఆయన నిజంగానే అనుకున్నాడు.

చివరి మెట్టు మీద దొరికిపోయాడు.

"ఏటి సారూ, సెప్పులు సేత్తో పట్టుకుని దిగుతన్నావు? కాలికేటయింది?"

"ఏం లేదమ్మా. పడుకున్నవాళ్లు లేస్తారేమోనని."

"పడుకున్నదెవరు? అమ్మి నాలుగింటికే డూటీకెల్లిపోయింది గదా." అమ్మి అంటే శరత్ బాబు భార్య ఫేబ. ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. "తెల్ల సొక్కా ఏసినావు. ఏదో ఇసేసం ఉంది."

దాచాలనుకున్న మనిషి సన్మానం అనే మాట నోట్లో పెట్టుకుని ఎంతసేపు నిలబడగలడు? చెప్పేశాడు. కథ రాశాననీ, అచ్చు వేశారనీ, బహుమతి ఇస్తున్నారనీ చెప్పాడు. దేని గురించి రాశావని ఆవిడ అడిగింది. కాలేజీ గురించి అని చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసిపోయేది.

"మీ ఇంటి గురించేనమ్మా" అన్నాడు.

గురువమ్మ గరిటె కింద పెట్టింది. "ఆయన కట్టిన ఇల్లు పుస్తకంలోకెక్కిందా?" అని చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, రెండు చేతులూ చాచింది. ఆ చేతుల్లో ఒక ప్రతి పెట్టక తప్పలేదు. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుంది. "నాకు సదువు రాదు గదా. తినడానికొచ్చినోల్ల సేత సదివించుకుంటాను. నువ్వెల్లు బాబూ, బస్సెలిపోద్ది."

అది దెయ్యం కథని చెప్పడానికి అర నిమిషం చాలు. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. ఆయన చెప్పలేదు.

ఆరున్నరకు ఆటో మోహన్ వచ్చి రోజూలాగే నాలుగు ఇడ్లీలు పెట్టించుకున్నాడు. గురువమ్మ పుస్తకం తెచ్చి ఎదురుగా పెట్టింది. ఆ సమయానికి వసారాలో ఎనిమిది మంది ఉన్నారు. మోహన్ గొంతు సవరించుకుని పైకి చదివాడు. ఆకుపచ్చ మెట్లు వచ్చాయి, అందరూ మెట్ల వైపు చూశారు. పగులు వచ్చింది, ఒకాయన వంగి పగులు మీద వేలు పెట్టి చూశాడు. ఇడ్లీ పాత్ర మూత పిడి ఊడిపోతే కట్టిన తీగ కూడా వచ్చింది. గురువమ్మ మురిసిపోయి అందరికీ రెండోసారి చట్నీ వేసింది. రెండో పేజీలో మోహన్ వేగం తగ్గింది. తరువాత పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. ఆ తరువాత పెదాలు కూడా ఆగిపోయాయి.

"ఆగిపోనావేటి? తరవాతేటి రాసేడు?"

"తరవాత... ఏటీ నేదు పిన్నీ. బాగా రాసేడు." మోహన్ తలెత్తి ఎదుటి స్తంభం వైపు చూశాడు. దీపం ఎప్పుడో ఆరిపోయి ఉంది. రెండున్నర ఇడ్లీలు ప్లేటులో వదిలేసి, ఆటో స్టార్టు చేయకుండానే వీధి చివరిదాకా నెట్టుకుంటూ పోయాడు.

మిగిలినవాళ్లు పుస్తకం చేతులు మార్చుకున్నారు. ఒక్కొక్కరే రెండో పేజీకి రావడం, స్తంభం వైపు చూడడం, పని గుర్తొచ్చిందని లేవడం. తొమ్మిదికల్లా వసారా ఖాళీ. గురువమ్మ చట్నీ వేలితో తీసి నాలిక మీద వేసుకుని చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. అయినా పారబోసి మళ్లీ రుబ్బింది.

పదకొండు గంటలకు కోరాపుట్‌లో సంఘం కార్యదర్శి అమృతరావు గారు మైకు ముందు నిలబడి ఉన్నారు. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. ఉత్తమ వాస్తవిక కథకు ఈ ఏటి బహుమతి ప్రకటిస్తూ, "దెయ్యం ఒక్కటి తీసేస్తే ఇందులో అబద్ధం కనపడదు. దెయ్యం కూడా ఎంత సహజంగా ఉందంటే, తీసేయాలని నాకు అనిపించలేదు" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. మూడో వరసలో కర్రకు ఫోను బిగించుకుని కూర్చున్న ఒక మనిషి లేచాడు. పేరు బిశ్వజిత్. దెయ్యాలున్న చోట్ల వీడియోలు తీసి ఫోనులో పెట్టడం అతని పని. దసమంతపూర్ వైపు మూతపడిన పాత బంగళాలన్నీ అయిపోయి, కొత్త దెయ్యం కోసం చూస్తున్నాడు.

"సార్, ఆ ఇల్లు నిజంగా ఉందా? కల్పన కదా?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు.

కల్పన అన్న మాట శరత్ బాబుకు గుచ్చుకుంది. "ప్రతి ఇటుకా నిజం" అన్నాడు. అక్కడితో ఆగలేదు. వీధి పేరు చెప్పాడు. బస్టాండు నుంచి ఎటు తిరగాలో చెప్పాడు. ఈసారి చప్పట్లు ఇంకా ఎక్కువసేపు మోగాయి.

సాయంత్రం శాలువాతో ఇంటికి వచ్చేసరికి ఇడ్లీ పాత్ర పక్కన గిన్నె నిండా ఇడ్లీలు ఉన్నాయి.

"సట్నీలో ఏటి తేడా వచ్చిందో తెలీడం నేదు సారూ. పన్నెండేల్లలో ఎన్నడూ ఇలా నేదు."

శరత్ బాబు నిలబడే తొమ్మిది ఇడ్లీలు తిన్నాడు. చట్నీ అద్భుతంగా ఉందని చెప్పాడు. ఆయన చెప్పగలిగిన నిజం అదొక్కటే.

సోమవారం ఆరుగురు వచ్చారు. మంగళవారం ఇద్దరు, అదీ ఊరికి కొత్తవాళ్లు. మంగళవారం మధ్యాహ్నం ఫేబ డ్యూటీ నుంచి వచ్చి సంచీ మంచం మీద గిరాటు వేసింది.

"నా వార్డులో ఒకావిడ నాచేత ఇంజెక్షను చేయించుకోనంది. దెయ్యాల కొంప నుంచి వచ్చిన చేతులట. ఏమిటా అని కనుక్కుంటే నీ పేరు చెప్పారు. నీ రియలిజం పాడుగాను, రాసుకోవడానికి నీకు వేరే ఇల్లే దొరకలేదా?"

"వేరే ఇల్లు నాకేం తెలుసు? తెలియనిది రాస్తే నమ్మరు కదా."

"ఇప్పుడు నమ్మారు కదా, సంతోషంగా ఉందా? దిగి వెళ్లి ఆవిడకు చెప్పు. ఆవిడ రోజూ చట్నీ మారుస్తోంది. నిన్న కొబ్బరి, ఇవాళ పల్లీలు. రేపు ఇంకేం వేస్తుందో పాపం."

"చెబుతాను. కాని ముందు సరిచేసి, తరువాత చెబుతాను" అన్నాడు శరత్ బాబు.

సరిచేయడానికి ఆయనకు తెలిసిన పని రాయడమే. బుధవారం తెల్లవారేసరికి ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనూ, కాలేజీలో అడిగి రాయించుకుని ఒడియాలోనూ, తన సొంతంగా ఇంగ్లీషులోనూ 'ఈ ఇంట్లో దెయ్యం లేదు' అని రాసి, వసారా స్తంభానికి కట్టాడు.

గురువమ్మ చూసింది. "ఏటి రాసినావు సారూ?"

చెబుదామనే నోరు తెరిచాడు. "ఇడ్లీలు వేడిగా ఉన్నాయని" అన్నాడు.

ఆవిడ ముఖం వికసించింది. ఆ రోజంతా మెట్ల మీద నిలబడి, దారిన పోయే ప్రతి ఒక్కరినీ పిలిచి బోర్డు చూపించింది. "సదువు నాయనా! అంత పెద్దచ్చరాలతో రాసుంది గదా! లోపలికొచ్చి సూసుకో, అబద్దమైతే అడుగు!" అప్పటిదాకా ఆ సంగతి తెలియనివాళ్లకు ఆ రోజుతో తెలిసింది. సంతకు వెళ్లేవాళ్లు వీధి మార్చి నడవడం మొదలుపెట్టారు.

గురువారం పొద్దున్న పది గంటలకు బిశ్వజిత్ వచ్చాడు. దెయ్యం కోసం పది గంటలకు రావడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. కాని కోరాపుట్‌కు తిరిగి వెళ్లే బస్సు పన్నెండుకు ఉంది, సాయంత్రం అతనికి చెల్లెలు లిప్సాను పరీక్ష నుంచి ఇంటికి తెచ్చే పని ఉంది. కర్రకు ఫోను బిగించి, మెల్లగా మాట్లాడుకుంటూ, ఆకుపచ్చ మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. కథలోని పగులు మీద కాలు పడగానే ఫోను కిందికి తిప్పి దాన్ని దగ్గరగా చూపించాడు.

లోపల గురువమ్మ బియ్యప్పిండి జల్లిస్తోంది. బంధుగాంలో ఉన్న చెల్లెలు అప్పమ్మకు పంపుదామని, పనేమీ లేక మొదలుపెట్టిన పని. ఫ్యాను గాలికి పిండి లేచి జుట్టు మీదా కనుబొమల మీదా ముఖం మీదా పడింది. పొయ్యి మీద ఇడ్లీ పాత్ర ఆవిరి కక్కుతోంది. రెండు రోజుల తరువాత మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించేసరికి ఆవిడ ఆనందం పట్టలేక, ఆవిరిలోంచి రెండు చేతులూ చాచుకుంటూ బయటికి వచ్చింది.

"రా నాయనా! నీకోసమే సూస్తన్నాను!"

బిశ్వజిత్ అరిచిన అరుపు వీధి చివరి మందుల కొట్టుదాకా వినపడింది. మూడు మెట్లూ ఒక్క దూకులో దిగి, కింద పడి, లేచి పరుగెత్తాడు. మనిషికి మూర్ఛ వచ్చిందనుకుంది గురువమ్మ. నీళ్ల చెంబు అందుకుని, "ఆగు బాబూ, ఆగు! నీల్లు తాగు!" అని వెనకాలే పరుగు తీసింది. అరవై ఆరేళ్ల మనిషి అంత వేగంగా పరుగెత్తగలదని ఆ వీధికి అంతవరకు తెలియదు. ఫోను ఇదంతా తీస్తూనే ఉంది. పక్కకు వంగి, ఊగిపోతూ, సున్నంలా తెల్లటి ముఖం, చాచిన చెయ్యి, ఆ చేతిలో ఏదో పాత్ర.

సాయంత్రానికి ఆ వీడియోను ఎంతమంది చూశారో చెప్పడం కష్టం. గుడారిలో చూశారు, విజయనగరంలో చూశారు. కథలోని దెయ్యం మొగాడని ఎవరికీ పట్టలేదు. పట్టపగలు, నీళ్లిచ్చి చంపే ఆడదెయ్యం అందరికీ నచ్చింది.

మర్నాడు గ్యాసు మనిషి సిలిండరును వీధి మొదట్లో దింపి, ఫోను చేసి పోయాడు. కూరగాయల బండి ఆవిడను చూసి వెనక్కి తిరిగింది. బండిలోంచి రెండు వంకాయలు కింద పడ్డాయి. వాటిని ఏరి ఇద్దామని గురువమ్మ నాలుగడుగులు వేస్తే, బండి వేగం పెరిగింది. ఆవిడ వంకాయలు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. తరువాత లోపలికి వెళ్లి అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

"నా మొకానికేటయింది సారూ?" అని అడిగింది శరత్ బాబును. "ఏదైనా జబ్బు వచ్చిందేటి? నిజం సెప్పు. అమ్మిని అడుగుదామంటే అది కూడా నాకేసి సూడ్డం నేదు."

శరత్ బాబు మేడ ఎక్కి మంచం మీద కూర్చున్నాడు. ఫేబ ఆయన కేసి ఒకసారి చూసి, బల్ల మీది సంచిక తీసుకుని కిందికి దిగింది. ఖాళీ వసారాలో గురువమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది.

"పిన్నీ, ఇది పూర్తిగా చదువుతాను. మధ్యలో ఆపను. నువ్వు విను."

శరత్ బాబు మెట్ల మలుపులో నిలబడి విన్నాడు. తన వాక్యాలు భార్య గొంతులో వింటుంటే, అవి బాగున్నాయని మొదట అనిపించినందుకు సిగ్గుపడ్డాడు. ఫేబ వార్డులో చీటీ చదివినట్టు చదివింది, ఎక్కడా గొంతు మార్చలేదు. నిచ్చెన వచ్చింది. నడిమి గది వచ్చింది. ఐదూ నలభైకి దీపం ఆరింది. ఆరిన దీపం కింద నిలబడి రాముడు ఇంటి వైపు చూసి, తిరిగి వెళ్లిపోయాడు. కథ అయిపోయింది.

గురువమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టింది.

"రాముడంటే మా ఆయనే గదా?"

"అవును పిన్నీ."

"రోజూ వస్తన్నాడని రాసేడు."

"కథ పిన్నీ అది. ఊరికే రాశాడు."

"మరైతే సారును ఒక్క మాట అడుగు, అమ్మీ." ఆవిడ గొంతులో కోపం లేదు. "స్తంభం దాకా వచ్చినోడు మూడు మెట్లెక్కి లోపలికి రాలేడా? పన్నెండేల్ల నుంచి ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. సప్పుడైతే ఆయనేనేమోనని ఎన్నిసార్లు లేచి కూకున్నానో నీకు తెల్దు. ఎలకలు. ఎప్పుడూ ఎలకలే. ఈ ఇంట్లో దెయ్యముంటే నానెందుకమ్మా ఇంత ఒంటిగా ఉంటాను?"

ఫేబ పుస్తకం మూసేసింది. మెట్ల మలుపులో శరత్ బాబు గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ఆ గోడ గురించి ఆయన ఒక పేజీ రాశాడు. అందులో ఈ మాట లేదు.

శనివారం ఆయన అమృతరావు గారికి ఫోను చేశాడు. మర్నాడు సంఘం నెలవారీ సమావేశం ఉంది. అందులో తనకు పది నిమిషాలు కావాలని, ఆ కథ శుద్ధ అబద్ధమని అందరి ముందూ చెప్పాలని అన్నాడు.

"అబద్ధమని మీరే అంటే వాస్తవిక కథ బహుమతి ఎలా నిలుస్తుందండీ?" అని అమృతరావు గారు కంగారుపడ్డారు.

"నిలవక్కర్లేదండీ. శాలువా తెచ్చి ఇచ్చేస్తాను."

"సంచిక అచ్చయిపోయింది. బహుమతి రద్దు చేయడానికి మన నియమాల్లో ఏమీ లేదు. నిదానంగా ఆలోచించుకోండి."

నిదానంగా ఆలోచించడానికి శరత్ బాబుకు ఓపిక లేదు. బిశ్వజిత్‌కు కూడా ఫోను చేసి, తను చెప్పేదంతా అప్పటికప్పుడు అందరికీ కనపడేలా ఫోనులో చూపించాలని బతిమాలాడు. క్షమాపణలు కూడా జనం బాగానే చూస్తారని బిశ్వజిత్ ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున్న ఆరున్నర బస్సుకు శరత్ బాబు శాలువా మడిచి సంచీలో పెట్టుకుని బయలుదేరాడు. వారం రోజుల్లో మొదటిసారి ఆయనకు గుండె తేలికగా ఉంది. వెళ్లేముందు గురువమ్మతో, "ఇవాళతో అంతా సర్దుకుంటుందమ్మా" అన్నాడు. ఆవిడ తలూపింది. అలవాటు కొద్దీ ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టింది.

ఎనిమిది గంటలకు ఇంటి ముందు ఒక జీపు ఆగింది. గుడారి నుంచి సస్మిత అనే టీచరు, ఆవిడ ఇంటివాళ్లు తొమ్మిది మంది దిగారు. వీడియో చూసి, దాని కింద బిశ్వజిత్ పెట్టిన కథ సారాంశం చదివి వచ్చారు. వాళ్లు భయపడడానికి ముచ్చటపడి వచ్చిన రకం. వెనకాలే రెండు ఆటోలు, నాలుగు మోటారు సైకిళ్లు. మెట్ల మీద ఫోటోలు దిగారు. పగులు మీద కాలు పెట్టి కేకలు వేశారు. గురువమ్మ బయటికి వస్తే పారిపోలేదు, నమస్కారం పెట్టి ఇడ్లీలు ఉన్నాయా అని అడిగారు.

మొదటి వాయి పావుగంటలో అయిపోయింది. ఫేబ డ్యూటీలో ఉంది. సాయానికి ఎవరూ లేక గురువమ్మ ఒక్కతే వాయి మీద వాయి దించింది. వారం రోజుల తరువాత చేతులకు పని దొరికి, ముఖం ఎర్రబడి, కొంగు బిగించి తిరుగుతోంది. సస్మిత ప్లేటు పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. కొంత తెలుగు, కొంత ఆ కొండ ఊళ్ల మాట దేశియా కలిపి అడిగింది: "దీపం ఆర్పడానికి వస్తాడంట, మీ ఆయనేనా? ఎలా ఉండేవాడు?"

పన్నెండేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గురువమ్మ గరిటె కింద పెట్టింది.

"పొడుగ్గా ఉండేవోడు. నిచ్చెన అక్కర్నేదని ఎగతాలి సేసేవోల్లు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. ఇక ఆగలేదు. గాలివానలో స్తంభమెక్కి దీపం పెట్టి వచ్చిన సంగతి, రాత్రి మిగిలిన ఇడ్లీ పెరుగులో నానేసుకుని తినే అలవాటు, ఈ మెట్లకు ఆకుపచ్చ రంగు వేసిన రోజు తడి రంగు మీద ఆయనే జారి పడిన సంగతి. వచ్చినవాళ్లు పక్కవాళ్లకు ఒడియాలో చెప్పుకున్నారు. నిచ్చెన చూపించమంటే చూపించింది. నడిమి గదిలోకి తీసుకెళ్లి మంచం చూపించింది. ఒకామె అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టింది. "రోజూ వస్తాడేటి?" అని ఎవరో అడిగితే, గురువమ్మ ఎదుటి స్తంభం వైపు చూసి, "వస్తాడు" అంది.

మధ్యలో నాలుగుసార్లు శరత్ బాబుకు ఫోను చేసింది. కథ చదివి వినిపించమని జనం అడుగుతున్నారు, రాసిన మనిషి వెంటనే వచ్చి చదవాలి అని చెప్పడానికి. శరత్ బాబు జేబులో ఫోను నాలుగుసార్లు వణికింది. వేదిక మీద వంతు కోసం కూర్చున్న ఆయన పేరు చూసుకుని, పాపం ఎంత ఆదుర్దాగా ఉందో అనుకుని, ఇంకా గట్టిగా మాట్లాడాలని నిశ్చయించుకున్నాడు.

పదకొండు గంటలకు ఆయన మైకు ముందుకు వచ్చాడు. బతుకులో ఎప్పుడూ అంత బాగా మాట్లాడలేదు. ఒక్క వాక్యం తడబడలేదు, ఒక్క మాట అలంకారానికి వాడలేదు. అమృతరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

రాయగడలో వసారాలో సస్మిత చేతిలోని ఫోను టింగుమంది. బిశ్వజిత్ ఛానెల్లో ఏదో కొత్తది వస్తోంది. ఆవిడ నొక్కింది. అందులో వినిపించింది గురువమ్మకు తెలిసిన మేడ మీది సారు గొంతే.

"...ఆ ఇంట్లో ఏ దెయ్యమూ లేదు. నేను కల్పించాను. వీడియోలో ఉన్నది మా ఇంటి ఓనరమ్మ, ముఖాన ఉన్నది బియ్యప్పిండి. దీపం వైరు లోపం వల్ల ఆరిపోతుంది. లక్ష్మణుడు అనే మనిషి పన్నెండేళ్ల కిందట చనిపోయాడు. ఆయన మళ్లీ రాలేదు. రాడు. దయచేసి నమ్మండి."

అందరూ నమ్మారు. ఒకరి ఫోను చూసి ఒకరు తెరిచారు. అదే గొంతు ఐదారు ఫోన్లలో కాస్త వెనకా ముందుగా "రాడు, రాడు" అంది. "అంటే ఊరికేనా?" అన్నారెవరో. ఇంత దూరం డీజిలు కాల్చుకుని వచ్చామని జీపు మనిషి విసుక్కున్నాడు. "రోజూ వస్తాడని చెప్పింది కదా ఈవిడ" అని అగరొత్తి పెట్టిన ఆమె గట్టిగానే అంది. సస్మిత ఒక్కతే ప్లేటు ఖాళీ చేసి, చేయి కడుక్కుని వెళ్లింది. పదకొండున్నరకు వసారాలో సగం తిన్న ప్లేట్లు, కాలుతున్న అగరొత్తి మిగిలాయి.

శరత్ బాబు నాలుగున్నరకు దిగాడు. దారి పొడవునా ఆయనకు అభినందన సందేశాలు వస్తూనే ఉన్నాయి. గురువమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఫేబ పక్కన కూర్చుని ప్లేట్లు తోముతోంది. ఆయనకేసి తల కూడా ఎత్తలేదు.

"అంతా సరిచేసేశానమ్మా! ఇంట్లో ఎవరూ లేరని ఊరూవాడా చెప్పేశాను. రేపటి నుంచి మన మోహనూ, అందరూ మామూలుగా వచ్చేస్తారు."

"ఇన్నాను సారూ. బాగా మాట్లాడినావు."

"ఫోను చేశారు కదా, ఎందుకమ్మా?"

"ఏటీ నేదు." ఆవిడ ఆయన కేసి కాక ఎటో చూస్తూ అంది. "నువ్వు సెప్పింది నిజమే. ఆయన రాడని నాకు ముందే తెల్సు. పొద్దుట ఒక్క మూడు గంటలు మాత్రం గురుతు నేదు."

సోమవారం మోహన్ రాలేదు. భయం పోయింది గాని, ఈ వారంలో అతనికి బస్టాండు దగ్గర పూరీలు అలవాటైపోయాయి. మిగతావాళ్లూ అంతే. గురువమ్మ ఇంకో పది రోజులు పొయ్యి వెలిగించింది. తరువాత ఇడ్లీ పాత్ర మూటగట్టుకుని, బంధుగాంలో అప్పమ్మ దగ్గర ఉంటానని బస్సెక్కింది. శరత్ బాబు మూట పైకి అందించాడు. ఆవిడ కిటికీలోంచి ఫేబ చెయ్యి పట్టుకుని, బస్సు కదిలేదాకా వదల్లేదు. ఆయనతో, "సారూ, కింద వాటా అద్దెకు ఎవులైనా వస్తే సూపించు" అని మాత్రం అంది.

ఆ నెలలో కింద వాటా చూడడానికి మూడు కుటుంబాలు వచ్చాయి. దెయ్యం మాట ఎవరూ ఎత్తలేదు, మంచినీళ్లు ఎన్ని గంటలకు వస్తాయని మాత్రం అడిగారు.